పన్నెండు పెన్సిల్ ముద్రలు

"సంతకం నాదేనండి," అన్నాడు శ్యామ్ బాబు.

"పన్నెండూనా?"

"పన్నెండూ నావేనండి."

"మరి వాటి పక్కన అతికించిన పెన్సిల్ ముద్రలు?"

శ్యామ్ బాబు తల దించుకున్నాడు. రేవతి గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ ఇరవై. సాయంత్రం నాలుగింటికి విచారణ రిపోర్టు పోలీసులకి వెళ్తుంది. వెళ్ళిన గంటలో జీపు ఈ వీధిలోకి వస్తుంది. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. సోఫా పక్కన చిన్న సంచీ ఒకటి సర్ది ఉంది. జిప్పు సగమే మూసుకుంది. లోపల రెండు లుంగీలు, తువ్వాలు, పళ్ళు తోముకునే బ్రష్షు. మనిషి అప్పుడే జైలుకి సిద్ధపడిపోయాడు.

అతని భార్య క్రిస్టీనా మాత్రం సిద్ధపడలేదు. నిన్న సాయంత్రం స్కూలు నుంచి నేరుగా రేవతి ఆఫీసుకి వచ్చి, చేతిసంచీ కింద పెట్టకుండానే అడిగింది. "మా ఆయన డబ్బు తినలేదండి. ఎవరు తిన్నారో కనిపెట్టి పెట్టండి. మీ ఫీజు నేను జీతంలోంచి ఇస్తాను."

రేవతి ఇరవై రెండేళ్ళు పంచాయతీల లెక్కలు తనిఖీ చేసి, స్వచ్ఛందంగా రిటైరై, అమలాపురంలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలతో నెట్టుకొస్తున్న ఆమెకు ఈ కేసు కాగితాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు కూడా.

కేసు పెద్ద చిక్కుగా ఏమీ లేదు. రెండేళ్ళ కిందట చెత్త మోయడానికి మండలంలోని పన్నెండు పంచాయతీలకు ట్రాక్టర్లు కొన్నారు. అన్ని బండ్లకీ కట్టించుకున్నట్టే వాటికీ రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను కట్టించుకున్నారు. పంచాయతీ బండికి అది అక్కర్లేదని తరవాత తేలింది. కట్టిన సొమ్ము పంచాయతీలకు తిరిగి ఇచ్చేయమని రాష్ట్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. షరతు ఒక్కటే. బండి ఇంకా ఊళ్ళోనే ఉందని అధికారి కళ్ళారా చూడాలి. బండి చట్రం మీద చెక్కి ఉండే చాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు కాగితం మీదకి తేలతాయి. ఆ ముద్రని దరఖాస్తుకి అతికించి, తేదీ వేసి సంతకం పెట్టాలి.

పన్నెండు ఊళ్ళకీ ఆ పని పెదకొమ్మలంక పంచాయతీ కార్యదర్శి శ్యామ్ బాబుకి అప్పగించారు. దరఖాస్తులు వెళ్ళాయి. ఎనిమిదిన్నర లక్షలు తిరిగొచ్చాయి. అయితే ఏ పంచాయతీ ఖాతాలోకీ రాలేదు. శ్యామ్ బాబు పేరున, అతని ఆధార్ నకలుతో కొత్తగా తెరిచిన ఖాతాలో పడ్డాయి. నెలన్నర పాటు, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటా పదికీ ఒంటిగంటన్నరకీ మధ్య, హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు రాజోలు ఏటీఎంలో ఆ డబ్బు తీసుకుంటూ పోయాడు.

"ముద్రలు మీరు తీశారా, లేదా?" రేవతి మళ్ళీ అడిగింది.

"తియ్యలేదండి."

"బండ్లు చూశారా?"

"చూడలేదండి."

"చూడకుండా సంతకం ఎందుకు పెట్టేరు?" క్రిస్టీనా గొంతు లేచింది. "మేడమ్‌కి చెప్పండి! నాకైతే వారం నుంచీ చెప్పట్లేదు. కనీసం ఆవిడకైనా చెప్పండి!"

"ఖాళీ ఫారాలు, ఆగస్టు మొదటివారంలో. ఈ బల్ల మీదే పెట్టేను." అతను వేలితో భోజనాల బల్ల చూపించాడు. దాని మీద పొద్దుటి ఇడ్లీలు మూత కూడా తియ్యకుండా ఉన్నాయి.

"ఎవరు అడిగితే పెట్టారు?"

శ్యామ్ బాబు తలెత్తి చూశాడు. చూసింది ప్రశ్న వేసిన రేవతిని కాదు, భార్యని. ఒక్క క్షణమే. వెంటనే చూపు నేలకి దించేశాడు.

"ఎవరూ అడగలేదండి. పని తొందరగా అవుతుందని నేనే పెట్టేను."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అబద్ధం చెబితే ఎలా ఉంటుందో రేవతికి తెలుసు. లెక్కల తనిఖీలో అలాంటి మొహాలు ఎన్నో చూసింది. ఆ మొహాలు సాధారణంగా తమని కాపాడుకోవడానికి అబద్ధమాడేవి. ఇతను అలా లేడు.

ఆమె లేచి స్కూటర్ తాళాలు అందుకుంది. "క్రిస్టీనాగారూ, బయల్దేరండి. మీ ఆయన నోరు విప్పరు. ట్రాక్టర్ని అడుగుదాం."

*

పెదకొమ్మలంక పంచాయతీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ట్రాక్టర్ ఉంది. వాళ్ళు చేరేసరికి పన్నెండూ యాభై. డ్రైవరు జగ్గారావు ట్రక్కులోనే కూచుని క్యారేజీ విప్పుకుంటున్నాడు. ఆడవాళ్ళిద్దరిని చూసి గబగబా మూత పెట్టేశాడు.

"తినండి, తినండి. అడగాల్సినవి రెండే," అంది రేవతి.

"పరవాలేదండి. చేపల పులుసండి, ఆరితేనే రుచి. సెప్పండి."

"ఆగస్టు పందొమ్మిది, పొద్దున్న పదింటికి, ఈ బండి నంబరు ముద్ర ఎవరైనా తీసుకున్నారా?"

"మా బండికా అండి? ఎవరూ రాలేదండి. ఆ రోజు వానండి. బండి బయటికి తియ్యలేదు."

"కచ్చితంగా చెప్పగలరా?"

"ఆయ్. వానైనా ఎండైనా నేను ఈ షెడ్డులోనే ఉంటానండి. ఇంటికెళితే మా ఆవిడ పని చెప్తదని."

క్రిస్టీనా కూడా నవ్వబోయి ఆగిపోయింది. రేవతి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూచుంది. సంచీలోంచి పల్చటి కాగితం, మెత్తని పెన్సిలు తీసింది. ఇనపకమ్మీ మీద నంబరు ఉండాల్సిన చోట వేళ్ళతో తడిమింది. గరుకు. తుప్పు పొరలు పొరలుగా రాలింది.

"ఓడలరేవు వైపు గాలండి ఇది. ఉప్పుగాలికి ఇనుం నిలవదండి," అన్నాడు జగ్గారావు, ఆ తుప్పుకి తనే బాధ్యుడైనట్టు.

ఆమె కాగితం పరిచి రుద్దింది. అంకెలతో పాటు తుప్పు గుంటలన్నీ మచ్చలు మచ్చలుగా తేలాయి. అంతే కాదు. మొదటి నాలుగు అక్షరాలు అసలు రానే లేదు. వాటి మీదుగా ఒక ఇనపముక్క అడ్డంగా వెల్డింగ్ చేసి ఉంది.

"ఇదెప్పుడు వేయించారు?"

"కమ్మీ పగిలితే వేయించేమండి. ఎండాకాలంలో. మామిడికాయల రోజులు."

"తేదీ కావాలి, జగ్గారావుగారూ. మామిడికాయలు రిపోర్టులో రాయలేను."

"ఆఫీసులో బిల్లుంటదండి. సత్యదుర్గగార్ని అడగండి, ఆవిడ చీటీముక్క కూడా పారెయ్యరు."

క్రిస్టీనా ఆఫీసు వైపు దాదాపు పరుగెత్తింది. రేవతి సంచీలోంచి జిరాక్సు కాగితాలు తీసింది. శ్యామ్ బాబుకి ఇచ్చిన నోటీసుతో వచ్చిన దరఖాస్తుల నకళ్ళు అవి. ఆగస్టు పందొమ్మిది తేదీ వేసిన పెదకొమ్మలంక దరఖాస్తు మీద ముద్ర నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు. మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా అన్నీ ఉన్నాయి.

"జగ్గారావుగారూ, బండి కొత్తగా వచ్చిన రోజు మీరున్నారా?"

"నేనే తోలుకొచ్చేనండి. రెండువేల ఇరవైమూడు, జూలై నెల."

"ఆ రోజు ముద్ర తీశారా?"

"తియ్యకుండా రిజిస్ట్రేషనెట్టా అవుద్దండి? ఏజెంటుగారు తీసేరు. ఒకటి కాదు, నాలుగు తీసేరండి. ఎందుకండీ అన్ని అంటే, ఆఫీసులో ఒకటి చింపేస్తే మళ్ళీ ఇంత దూరం ఎవడొస్తాడ్రా అన్నారు. ఆళ్ళందరూ అంతేనండి, ఎగస్ట్రా తీసి దాచుకుంటారు."

"ఎవరా ఏజెంటు?"

"రాజోలు నుంచి వచ్చేరండి. పెద్దాయన. పేరు గుర్తులేదు గానీ మంచి మనిషండి. నేను బండికి కొబ్బరికాయ కొడితే, ఆయన చెయ్యేసి ప్రార్థన చేసేరు. రెండూ పడ్డాయిరా, నీ బండికి ఢోకా లేదన్నారు."

రాసుకుంటున్న రేవతి పెన్సిలు ఆపింది. ఆఫీసు గుమ్మంలోంచి క్రిస్టీనా వస్తోంది. చేతిలో బిల్లు రెపరెపలాడుతోంది.

"మే పన్నెండు మేడమ్! వెల్డింగ్ బిల్లు మే పన్నెండు!"

మేలో మూసుకుపోయిన అక్షరాలు ఆగస్టులో కాగితం మీదకి రావు. వారం రోజుల తరవాత మొదటిసారి క్రిస్టీనా మొహం తేటపడింది. రేవతి మాత్రం ఆమె వైపు చూడకుండా బిల్లుని ఫోటో తీసుకుంది.

*

రెండూ అయిదుకి షెడ్డు ముందు జీపు ఆగింది. దిగినాయన, రిపోర్టు పంపేముందు చివరి తనిఖీకి వచ్చిన జిల్లా విచారణాధికారి సుబ్రహ్మణ్యేశ్వరరావు. చంకలో ఫైలు. పదకొండేళ్ళ కిందట రేవతి మూడు నెలలు కూచుని పట్టుకున్న లోపాన్ని తన పేరున రిపోర్టులో రాసుకుని ప్రమోషన్ తెచ్చుకున్నది ఈయనే.

"రేవతిగారా! పెన్షను చాలట్లేదా అండీ?"

"చాలుతోందండీ. పొద్దుపోవట్లేదు. మీరు రాసే రిపోర్టులు చదివి నవ్వుకుందామని వచ్చాను."

"నవ్వండి, నవ్వండి. నాలుగింటి దాకా టైముంది." ఆయన క్రిస్టీనాని చూసి కొంచెం గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు ఇలా తిరగడం వల్ల ఏమీ మారదమ్మా. ప్లీడర్ని చూసుకోండి."

"అయితే ఇది చూడండి." రేవతి తన చేతిలోని కొత్త ముద్రని, జిరాక్సుని పక్కపక్కన పట్టుకుంది. వెల్డింగ్ చూపించింది. బిల్లు చూపించింది. "మీ ఫైల్లో ముద్ర ఆగస్టులో తీసింది కాదు. బండి కొత్తగా ఉన్నప్పుడు తీసింది."

ఆయన వంగి, కళ్ళజోడు సర్దుకుని, వెల్డింగ్‌ని చాలాసేపు చూశాడు. లేచేటప్పుడు ఆయన మొహంలో ఓటమి లేదు.

"బాగుంది. అంటే పాత ముద్ర వాడాడు. దానివల్ల మీవాడికి ఒరిగిందేంటండీ? బండి చూడకుండా సంతకం పెట్టాడని మీరే రుజువు చేశారు. నా పని తేలిక చేశారు."

క్రిస్టీనా మొహం మళ్ళీ వాడిపోయింది.

"పాత ముద్ర అతని దగ్గరికి ఎలా వచ్చింది?" అంది రేవతి.

"కార్యదర్శి కదండీ. ఏ ఫైల్లోంచో పీకి ఉంటాడు."

"ఒక్క ఊరిదైతే సరే. పన్నెండు ఊళ్ళవీనా? ఒరిజినల్ చూపించండి."

"చూపించను. మీరిప్పుడు డిపార్టుమెంటులో లేరు."

"చూపించకపోతే రేపు కోర్టులో ప్లీడరు అడుగుతాడు. అప్పుడు మీరు వెల్డింగ్ సంగతి తెలిసీ ఒరిజినల్ పరిశీలించకుండా రిపోర్టు పంపారని నేను సాక్ష్యం చెబుతాను. చేతికివ్వక్కర్లేదు. మీరే పట్టుకోండి."

సుబ్రహ్మణ్యేశ్వరరావు పళ్ళు బిగించి ఫైలు విప్పాడు. పెదకొమ్మలంక దరఖాస్తుని రెండు చేతులా పట్టుకుని, "చూడండి," అన్నాడు. రేవతి ముద్రని ముట్టుకోలేదు. ఫోనులో లైటు వేసి, కాగితం వెనక పెట్టింది.

వెలుగులో అతికించిన ముక్క పల్చబడింది. పెన్సిలు నలుపు వెనక ఇంకేదో ఉంది. తిరగబడ్డ అంకెలు. ఓ పిల్లవాడి వంకర రాత. దాని పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు. టిక్కు చివర చిన్న చుక్క.

"ఇది ఎవరో బళ్ళో పరీక్ష..." అంటూ ఆగిపోయాడు అధికారి.

"ఆ టిక్కు నాది," అంది క్రిస్టీనా.

జగ్గారావు క్యారేజీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నేను టిక్కు పెట్టేక చుక్క పెడతానండి. పిల్లలు వెక్కిరిస్తారు." ఆమె ఇంకా దగ్గరికి వచ్చింది. "అది లెక్కల పేపరు. నేను దిద్దిందే."

సుబ్రహ్మణ్యేశ్వరరావు నెమ్మదిగా నవ్వాడు. "ఇంకేం కావాలండీ రేవతిగారూ? కాగితం వాళ్ళింటిది, సంతకం వాళ్ళాయనది, ఆధార్ వాళ్ళాయనది. నేను వారంలో పట్టుకోలేనిది మీరు రెండు గంటల్లో పట్టుకున్నారు. మీ పేరు రిపోర్టులో తప్పకుండా రాస్తాను, ఈసారి."

క్రిస్టీనా చెయ్యి ట్రాక్టర్ మడ్‌గార్డు మీద బిగుసుకుంది. భర్తని కాపాడమని తనే డిటెక్టివ్‌ని పెట్టుకుని, తన టిక్కుతో తనే భర్తని పట్టించేసింది.

"ఆగండి," అంది రేవతి. "క్రిస్టీనాగారూ, కంగారుపడకుండా చెప్పండి. ఆ లైను చూడండి, అంచున. రెండు గీతలు, మధ్యలో ఏదో అచ్చు. ఏ స్కూలు కాగితం అది?"

క్రిస్టీనా కళ్ళు చిట్లించి చూసింది. "ఇప్పటి స్కూలు కాదండి. ఇంతకుముందు ప్రైవేటు స్కూల్లో చేసేను, రాజోల్లో. వాళ్ళే ఇలా గీతలతో అచ్చేయించేవారు."

"అక్కడ ఎప్పటి దాకా చేశారు?"

"ఇరవైమూడు ఏప్రిల్ దాకానండి. ఆ పరీక్షలు దిద్ది మానేసేను, గవర్నమెంటు పోస్టు కోసం చదవాలని."

"మీ పెళ్ళి?"

"ఇరవైనాలుగు ఫిబ్రవరి."

"పెళ్ళికి ముందు శ్యామ్ బాబుగారు మీకు తెలుసా?"

"తెలీదండి. పాస్టరుగారు తెచ్చిన సంబంధం. జనవరిలో మొదటిసారి చూసేను."

రేవతి అధికారి వైపు తిరిగింది. "రాసుకోండి. బండి వచ్చింది ఇరవైమూడు జూలై. ఒక్క తుప్పుచుక్క లేని ముద్ర, అంటే ఆ జూలైలో తీసిందే. ఆ రోజుకి ఈ కాగితం ఇంకా పెళ్ళి కాని క్రిస్టీనా పుట్టింట్లో ఉంది. శ్యామ్ బాబు ఆ ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు. అప్పుడు అతనికి ఈ ఊళ్ళో ఉద్యోగమూ లేదు, మీ దగ్గర సర్వీసు రిజిస్టరుంది, చూసుకోండి. ఇప్పుడు చెప్పండి, ముద్ర ఎవరు తీశారు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఫైలు తిప్పి మిగతా దరఖాస్తులు ఒక్కొక్కటే వెలుగుకి పట్టాడు. రెండోదాంట్లో సగం టిక్కు. నాలుగోదాంట్లో చుక్క మాత్రమే. తొమ్మిదోదాంట్లో 'బాగా రాశావు' అనే మాటలు తిరగబడి.

క్రిస్టీనా పెదాలు కదులుతున్నాయి. లోపల ఏదో లెక్క వేసుకుంటోంది, ఆ లెక్క ఎక్కడ తేలుతుందో తెలిసి ఆగలేకపోతోంది.

"దిద్దిన పేపర్లు నేను తూకానికి వెయ్యనండి," అంది చివరికి. "ఒక పక్కే రాస్తారు కదా, వెనక తెల్లగా ఉంటది. కట్టకట్టి ప్రతి ఏడూ... మా నాన్నగారికిచ్చేదాన్ని. పల్చటి కాగితం, ముద్రలకి బాగుంటదే అనేవారు."

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అధికారి గొంతు మారింది.

"బండ్ల రిజిస్ట్రేషన్లు చేయిస్తారండి. ఏజెంటు. రాజోలు బాబూరావుగారంటే అందరికీ తెలుసు."

"ఆయ్! ఆయనేనండి, బాబూరావుగారు! ప్రార్థన చేసింది ఆయనే!" అన్నాడు జగ్గారావు. అని, క్రిస్టీనా మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

సుబ్రహ్మణ్యేశ్వరరావు ఫైలు అడుగు నుంచి ఒక కాగితం బయటికి తీశాడు. ఇచ్చెయ్యాలా వద్దా అన్నట్టు కాసేపు చేతిలోనే పెట్టుకుని, రేవతికి కాకుండా క్రిస్టీనాకి అందించాడు.

"ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి మా ఆఫీసుకి ఒకాయన తనంతట తను వచ్చి సాక్ష్యం రాసిచ్చేరమ్మా. ఈ ముద్రలు శ్యామ్ బాబే తీశాడు, నా దగ్గరే నేర్చుకున్నాడు, నేను కళ్ళారా చూశాను అని. అది పట్టుకునే నేను నాలుగింటికి రిపోర్టు పంపేద్దామనుకున్నాను."

కాగితం అడుగున సంతకం చదవడానికి క్రిస్టీనాకి వెలుగు అక్కర్లేకపోయింది. తన చిన్నప్పటి ప్రోగ్రెసు కార్డులన్నిటి మీదా ఉన్న సంతకం అది.

"ఆయనకి తెలుసు," అంది నెమ్మదిగా. తండ్రి గురించి కాదు, భర్త గురించి. "నోటీసుతో జిరాక్సులు వచ్చిన రోజే ఈయనకి తెలుసు. ఖాళీ ఫారాలు నాన్నగారే పట్టుకెళ్ళుంటారు. అల్లుడుగారూ, మీరెందుకు ఊరూరా తిరగడం, నాకు డ్రైవర్లందరూ తెలుసు అనుంటారు. అందుకే నా మొహం చూడ్డం మానేసేరు. వారం నుంచి నేను ఆయన్ని తిడుతున్నాను మేడమ్. నాన్నగారింటికెళ్ళి ఏడ్చొచ్చేను. నిన్న మీ దగ్గరికి వస్తున్నానని కూడా నాన్నగారికి చెప్పే వచ్చేను."

రేవతి ఉలిక్కిపడింది. "నిన్న చెప్పారా? ఏం చెప్పారు?"

"కాగితాల మనిషండి, ముద్రలన్నీ చూస్తారంట అని."

అందుకే ఇవాళ పొద్దున్న తొమ్మిదింటికి సాక్ష్యం. అయితే ఆయన చెయ్యాల్సిన దాంట్లో అది సగమే, రెండో సగం రుజువులు మాయం చెయ్యడం. ఏజెంటు దగ్గర ఊరికి నాలుగు చొప్పున తీసిన ముద్రలు. ఒకటి అప్పుడు రిజిస్ట్రేషన్‌కి, ఒకటి ఇప్పుడు దరఖాస్తుకి. మిగతావి ఇంకా ఆ ఇంట్లోనే ఉండాలి, అదే కాగితం మీద, అదే ఎర్ర ఇంకుతో. అవి దొరికితే శ్యామ్ బాబు బయటపడతాడు. దొరక్కపోతే, మామగారి మాట ఒకవైపు, భార్య మాట ఒకవైపు. కోర్టు భార్య మాట నమ్మదు.

"ఇంటికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే," అంది రేవతి. "నాన్నగారికి కాదు, అమ్మగారికి."

రెండూ యాభై రెండు. క్రిస్టీనా స్పీకరు పెట్టింది. అయిదారుసార్లు మోగాక తల్లి దానమ్మ ఎత్తింది.

"ఏమ్మా, తిన్నావా? అల్లుడుగారు తిన్నారా?"

"అమ్మా, నాన్నగారు ఎక్కడున్నారు?"

"పెరట్లో. పొద్దున్న ఎక్కడికో వెళ్ళొచ్చిన కాడ్నించి మనిషి మనిషిలా లేరు. అన్నం కూడా తినలేదు. అటక మీద పాత కట్టలన్నీ దింపి మంటలో వేస్తున్నారు. ఏంటండీ అంటే చెదలంటున్నారు."

సుబ్రహ్మణ్యేశ్వరరావు అప్పటికే జీపు వైపు పరుగెత్తాడు. రాజోలు పాతిక నిమిషాల దూరం. మంటకి పాతిక నిమిషాలు చాలా ఎక్కువ.

క్రిస్టీనా రేవతి వైపు చూసింది. మంట ఆర్పమనే మాట రేవతి చెప్పకూడదు, కూతురే చెప్పాలి.

"అమ్మా, బావి దగ్గర బిందె ఉందా?"

"ఉంది. ఏం?"

"నీళ్ళు తోడి ఆ మంట మీద పొయ్యి."

"పిచ్చా నీకు? మీ నాన్న ఊరుకుంటారా?"

"పొయ్యమ్మా. ఎందుకని అడక్కు. మిగిలిన కాగితాలు తీసి నీ దగ్గర పెట్టుకో. ఎవరికీ ఇవ్వకు, నాన్నగారికి కూడా. తరవాత నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. అడుగులు. షెడ్డు రేకుల మీద ఎండకి ఏదో టిక్కుమంది, అందరూ అటు చూశారు. తరవాత నీళ్ళు పడ్డ చప్పుడు, సుయ్యిమని మంట చచ్చిన చప్పుడు, బిందె దొర్లిన చప్పుడు, ఒక్క అరుపు. "దానమ్మా!"

ఆ తరవాత ఎవరో గబగబా ఇంట్లోకి వచ్చారు. ఆయాసపడుతున్న ఊపిరి ఫోనుకి దగ్గరగా వినిపించింది.

"ఎవరే ఫోన్లో? ఎవరు పొయ్యమన్నారు?"

రేవతి ఫోను అందుకోబోయింది. కట్టెయ్యడానికి. క్రిస్టీనా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేనే నాన్నగారూ," అంది.